ఎవరూ అడగని ప్రశ్నలు

రాత్రి పదకొండు దాటాక కరెంటు బిల్లు కట్టడానికి కూర్చున్న మనిషి సంగతి చూడండి. ఖాతాలోంచి డబ్బులు పోయాయని ఫోనుకి మెసేజ్ వచ్చింది. బిల్లు మాత్రం ఇంకా కట్టలేదనే చూపిస్తోంది. మళ్లీ కడితే డబ్బులు రెండోసారి పోతాయేమో, ఊరుకుంటే పొద్దున్నే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకుతాడేమో. పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అని కనబడేసరికి ప్రాణం లేచొచ్చి అక్కడ నొక్కుతాడు. మా యాప్ ప్రత్యేకతలేమిటి? మా యాప్‌ని ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలి? మా చెల్లింపులు ఎందుకంత సురక్షితం? ఒక్కోదానికీ చక్కటి సమాధానం ఉంది. అతని ప్రశ్న తప్ప అన్నీ ఉన్నాయి.

ఇవన్నీ తరచూ అడుగుతున్నది ఎవరు? ‘మీ ప్రత్యేకతలేమిటి’ అని అర్ధరాత్రి ఏ కస్టమరూ అడగడు. ఆ పేజీ రాసినవాళ్లే ప్రశ్నలూ వేసుకున్నారు, తామే జవాబులూ చెప్పుకున్నారు. ఇది ఒక్క కరెంటు బిల్లు దగ్గరే కాదు. బ్యాంకు, బీమా, కాలేజీ అడ్మిషన్లు, ఎక్కడ చూసినా ఇదే వరస. డబ్బులు పోయి బిల్లు కట్టనట్టు చూపించడం ఎంతమందికి జరిగి ఉంటుందో, వాళ్లలో ఎంతమంది రెండు రోజులాగి విషయం తెలుసుకుని ఉంటారో. ఆ తెలిసినవాళ్లలో ఒక్కరికి ఆ పేజీలో రెండు ముక్కలు రాసే వీలుంటే ఈ మనిషి ఈపాటికి నిద్రపోయేవాడు. ఆ వీలు ఎందుకు లేదు? రాయనిస్తే ఏం కొంప మునుగుతుంది?

వెనక్కి వెళితే ఈ ప్రశ్నల జాబితా పుట్టిందే అడిగేవాళ్ల పోరు పడలేక. 1980ల మొదట్లో అమెరికాలో, ఇంటర్నెట్టుకి పూర్వపు అర్పానెట్ రోజుల్లో, అంతరిక్షం గురించి నడిచిన ఒక చర్చాబృందంలో నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసే యూజీన్ మియా అనే ఆయన ఉండేవాడు. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ వచ్చీ రాగానే అవే ప్రశ్నలు వేసేవారు. పాత చర్చలన్నీ దింపుకుని చదవమందామంటే ఆ వేగాల్లో అది సామాన్యమైన పని కాదు. అందుకని మాటిమాటికీ వచ్చే ప్రశ్నలనీ వాటి జవాబులనీ ఒకచోట కూర్చి, విడతలవారీగా మళ్లీ మళ్లీ అందరికీ పంపడం మొదలుపెట్టాడు. అమ్మకానికి పెట్టినదేమీ లేదు, గొప్ప చెప్పుకునేదీ లేదు. విసుగులోంచి పుట్టిన ఉపకారం అది.

కంప్యూటర్ల మీద నడిచే చర్చాబృందాల వల యూజ్‌నెట్‌కి అది బాగా అబ్బింది. కుక్కల పెంపకం మొదలుకొని సీ భాష దాకా ప్రతి బృందానికీ ఒక ఎఫ్ఏక్యూ, అంటే ఈ ప్రశ్నల జాబితా, దానికో సంరక్షకుడు. నెలకోసారి దాన్ని మళ్లీ పోస్ట్ చేయడం అతని ధర్మం. ఏటా సెప్టెంబరులో అమెరికన్ యూనివర్సిటీల్లో కొత్త విద్యార్థులు చేరి, కొత్త ఖాతాలు తెరిచి, మర్యాదలు తెలియక అవే ప్రశ్నలతో ముంచెత్తేవారు. నెలా రెండు నెలల్లో సర్దుకునేవారు. 1990ల మొదట్లో ఏఓఎల్ కంపెనీ కూడా తన చందాదారులకి తలుపు తెరిచేసరికి ఆ తాకిడికి ఇక అంతులేకుండా పోయింది. పాతకాపులు దానికి ‘ఎప్పటికీ ముగియని సెప్టెంబరు’ అని పేరు పెట్టుకున్నారు. ఎమ్ఐటీలో ఈ ఎఫ్ఏక్యూలన్నీ దాచిన యంత్రం పేరు ఆర్‌టీఎఫ్ఎమ్. ముందు మాన్యువల్ చదువుకుని ఏడు అని బూతుతో కలిపి కసురుకునే నాలుగక్షరాలు అవి. లోపల మాత్రం ఎవరో పూసగుచ్చినట్టు ఓపికగా రాసిపెట్టిన జవాబులు.

చిక్కల్లా ఆ సంరక్షకుడు ఒక్కడే కావడం. జవాబులో తప్పు కనబడితే అతనికి మెయిల్ చేయాలి, అతను చూడాలి, సరే అనుకోవాలి, దిద్దాలి, వచ్చే నెల పోస్ట్ దాకా ఆగాలి. ఈలోగా ఆయనకి పెళ్లయినా, ఉద్యోగం మారినా, ఆ విషయం మీదే మోజు తీరిపోయినా అంతే సంగతులు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఎఫ్ఏక్యూలు, పైన ఎప్పటిదో తారీఖుతో, అలా తిరుగుతూనే ఉండేవి. తప్పు ఎక్కడుందో కళ్లెదుట కనబడుతుంది, కలం మాత్రం ఇంకెవరి చేతిలోనో ఉంటుంది.

ఆ కలాన్ని చదివేవాడి చేతికిద్దామని 1990ల చివర్లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ హవెల్ ఒక పని చేశాడు. పెర్ల్ భాషలో ‘ఫాక్-ఓ-మాటిక్’ అనే ప్రోగ్రాం రాశాడు. దాన్ని సర్వర్ మీద పెడితే బ్రౌజర్లోంచే ఎఫ్ఏక్యూ చదవచ్చు, కొత్త ప్రశ్న చేర్చవచ్చు, ఉన్న జవాబుని సవరించవచ్చు. ఎవరు చేర్చవచ్చు, ఎవరు దిద్దవచ్చు అన్నది పెట్టినవాళ్ల ఇష్టం. ఇప్పటి పిల్లలకి ఇందులో వింతేముందనిపిస్తుంది. పేజీ అంటే చదువుకుని మూసేయాల్సిందే అనుకున్న రోజుల్లో అది వింతే.

దాన్ని సర్వర్ మీద పెట్టడం అంత సుళువేం కాదు. ఆ రోజుల్లో ఇలాంటి సీజీఐ స్క్రిప్టులు సర్వర్ మీదకి ఎక్కించినవాళ్లెవరైనా ఈ బాధ కథలుకథలుగా చెబుతారు. అంతా సరిగ్గా చేశామనుకుని బ్రౌజర్లో అడ్రసు కొడితే తెల్లటి తెర మీద ‘ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్, 500’. ఎందుకో చెప్పదు. ఎర్రర్ లాగ్ తెరిస్తే స్క్రిప్టు హెడర్లు అర్ధంతరంగా ఆగిపోయాయన్న ఒక్క వరుస ఉంటుంది, అదీ ఏమీ చెప్పనట్టే. ఆరా తీయగా తీయగా తేలేదేమిటంటే, ఫైలు విండోస్ కంప్యూటర్లోంచి ఎఫ్‌టీపీలో తప్పు పద్ధతిలో ఎక్కింది. ప్రతి వరుస చివరా కంటికి కనబడని అక్షరం ఒకటి చేరింది. మొదటి వరుసలో పెర్ల్ ఎక్కడుందో చెప్పే దారికి ఆ అక్షరం తోకలా అంటుకుంది. ఆ పేరుతో పెర్ల్ ఏదీ లేదని యునిక్స్ చేతులెత్తేసింది. అది దిద్దితే తర్వాత పర్మిషన్ల గొడవ. స్క్రిప్టు నడిచేది మన పేరు మీద కాదు, వెబ్‌సర్వర్ పేరు మీద. అప్పట్లో చాలా యంత్రాల్లో ఆ ఖాతా పేరు ‘నోబడీ’. ఏ హక్కులూ లేనివాడన్నమాట. అందరూ రాయడానికి పెట్టిన ఫోల్డర్లో నిజానికి రాసేది ఆ నోబడీయే, వాడికి రాసే హక్కు ఇవ్వకపోతే ఎవరి సవరణా నిలవదు. విసిగిపోయినవాళ్లు 777 కొట్టి, అంటే ఆ యంత్రం మీద ఖాతా ఉన్న ప్రతివాడికీ సర్వహక్కులూ ధారపోసి, పని కానిచ్చుకునేవారు. కొన్నాళ్లకి దాని ఫలితమూ అనుభవించేవారు.

హవెల్ చేసిన తెలివైన పని మరొకటుంది. మార్పుల పద్దు రాయడం తను కొత్తగా తలకెత్తుకోలేదు. యునిక్స్‌లో అప్పటికే ఉన్న ఆర్‌సీఎస్‌కి అప్పగించాడు. పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిషీ 1980ల మొదట్లో రాసిన సరంజామా అది, ప్రోగ్రామర్లు తమ కోడ్ మార్పులు దాచుకోవడం కోసం. దాని పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. తాజా ప్రతిని నిండుగా ఉంచుతుంది. పాతవాటిని మాత్రం, దీంట్లోంచి ఏ వరుసలు తీసి ఏవి పెడితే నిన్నటిది వస్తుంది, దాంట్లోంచి మొన్నటిది ఎలా వస్తుంది అని వెనకడుగుల చీటీలుగా రాసుకుంటుంది. అందరికీ ఎక్కువగా కావాల్సింది ఇవాళ్టిదే కాబట్టి అది వెంటనే చేతికొస్తుంది. పదేళ్ల కిందటిది కావాలన్నవాడు కాస్త ఆగాలి.

ఎవరైనా దిద్దవచ్చు అన్నమాటకి అసలు భరోసా ఇక్కడే ఉంది. ఎడిట్ బొత్తాం ఎవరైనా పెట్టగలరు. చెడగొట్టినదాన్ని బాగుచేయడం చెడగొట్టడం కంటే తేలికైనప్పుడు మాత్రమే ఆ బొత్తాం బతుకుతుంది. తాళం వేసి కాపాడటం ఒక పద్ధతి. తలుపు తెరిచి ఉంచి, నిన్నటి ప్రతి భద్రంగా ఉందన్న ధీమాతో నిద్రపోవడం ఇంకో పద్ధతి. రెండోది వినడానికి బాగుంటుంది గానీ, నిజంగా నిద్రపడుతుందా?

వార్డ్ కన్నింగమ్‌కి పట్టిందనే చెప్పాలి. హవెల్ కంటే ముందే, 1995 మార్చి 25న, ఆయన తన సర్వర్ మీద తొలి వికీ పెట్టాడు. అదీ పెర్ల్ స్క్రిప్టే. పాస్‌వర్డ్ లేదు, అనుమతుల అంతస్తులు లేవు, ప్రశ్నా జవాబూ అన్న చట్రం కూడా లేదు. ప్రోగ్రామర్లు తమ పనిలోని మెలకువలు రాసుకోవడానికి తెరిచిన ఆ పేజీల మీదకి ఎవరైనా వచ్చి ఏదైనా మార్చవచ్చు. ఇంటర్నెట్టులో సరైన జవాబు రాబట్టాలంటే ప్రశ్న అడగకూడదు, తప్పు జవాబు రాసిపెట్టాలి అనే చమత్కారం ఆయన పేరు మీద చెలామణీలో ఉంది. తను అలా అనలేదని ఆయనే చెప్పుకున్నాడు. ఎవరన్నా సరే, తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదన్న మానవ బలహీనత మీదే ఈ ఇల్లంతా నిలబడిందన్నది నిజం.

అయితే అది ఏ ఇంటికైనా వర్తిస్తుందా? 2005 జూన్‌లో లాస్ ఏంజిలెస్ టైమ్స్ పత్రిక ఇరాక్ యుద్ధం మీద తన సంపాదకీయాన్ని పాఠకులు దిద్దేలా వికీలో పెట్టింది. కొందరు నిజంగానే శ్రద్ధగా దిద్దారు. రెండు రోజులు తిరక్కుండానే అసభ్యమైన బొమ్మలు వచ్చి పడ్డాయి, పత్రిక దాన్ని మూసేసింది. అదే ఏడాది అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పెద్ద జర్నలిస్టు గురించి వికీపీడియాలో ఎవరో ఆకతాయిగా రాసిన అబద్ధం, కెనెడీల హత్యలతో ఆయన్ని ముడిపెట్టే అబద్ధం, నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఆ గొడవ తర్వాత ఇంగ్లీషు వికీపీడియా ఖాతా లేనివాళ్లు కొత్త వ్యాసాలు మొదలుపెట్టకుండా కట్టడి చేసింది. నిన్నటి ప్రతి భద్రంగా ఉంటే చాలదు; ఇవాళ్టిది చూసే కన్ను కూడా ఉండాలి. కన్నింగమ్ చుట్టూ చేరినవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు, మర్నాడు మళ్లీ అదే పేజీకి రావలసినవాళ్లు. పత్రిక సంపాదకీయం దగ్గర మూగినవాళ్లకి రేపన్నది లేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వీలు రెండు చోట్లా దాదాపు ఒకటే.

తెలుగువాళ్లకి దీనితో సొంత అనుభవమే ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అప్పట్లో నెట్టులో తెలుగు చదవాలనుకున్న ప్రతివాళ్లకీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: అక్షరాల బదులు డబ్బాలు కనబడుతున్నాయి, ఏం చేయాలి? అసలైన ‘తరచూ అడిగే ప్రశ్న’ అంటే అది. విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లకి జవాబు ఇలా ఉండేది: కంట్రోల్ ప్యానెల్లో రీజినల్ సెట్టింగులకి వెళ్లండి, భాషల ట్యాబు తెరవండి, సంక్లిష్ట లిపులకి ఫైళ్లు పెట్టమనే గడిలో టిక్కు కొట్టండి, ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, పెట్టండి, మెషీన్ ఆపి మళ్లీ పెట్టండి. ఆ సీడీ ఎవరి దగ్గరుంటుంది? కంప్యూటర్ అసెంబుల్ చేసిన కుర్రాడి దగ్గర. ఆఫీసు మెషీనయితే సిస్టమ్ అడ్మిన్ కాళ్లావేళ్లా పడాలి. ఇంకోపక్క దినపత్రికలు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే సాధనం ఉండేది. రాయడానికి ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసే ఆర్‌టీఎస్ పద్ధతి, తర్వాత ‘లేఖిని’. అందంగా కనబడాలంటే పోతన, వేమన ఫాంట్లు.

ఈ జవాబులన్నీ ఎవరికి వాళ్లు తంటాలుపడి కనుక్కుని, వెనకొచ్చేవాళ్ల కోసం రాసిపెట్టినవే. వికీలో సహాయం పేజీలుండేవి, తోచనివాళ్లు ‘రచ్చబండ’ అనే చర్చాపేజీ దగ్గరికొచ్చి అడిగేవాళ్లు. జవాబు చెప్పినవాళ్లు ఏ కంపెనీ జీతగాళ్లూ కారు. పొద్దుట హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో వేరే ఉద్యోగం చేసుకుని రాత్రి ఈ పని మీద కూర్చునేవాళ్లు. చూస్తుండగానే విండోస్ విస్టా వచ్చింది, సీడీ అక్కర్లేకపోయింది. ఫోన్లు వచ్చాయి, టిక్కు కొట్టే గడే లేకుండా పోయింది. జవాబు ఒక్కో మెట్టు చొప్పున పాతబడుతూ వచ్చింది. పాతబడినప్పుడల్లా దాన్ని మొదట గుర్తించినవాడు, చెప్పినట్టే చేసి బోర్లాపడ్డ కొత్తవాడే. అచ్చయిన కరదీపిక అయితే వాడు విసుక్కుని పక్కన పడేసేవాడు. ఇక్కడ వాడి చేతిలోనే దిద్దే బొత్తాం ఉంది. అడగడానికి వచ్చి రాసేవాళ్లయినవాళ్లు అలా ఎందరో.

ఇవాళ అలాంటిది పెట్టుకోవాలంటే పెర్ల్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. వికీపీడియాని నడిపే మీడియావికీని సర్వర్ మీద దించి బ్రౌజర్లో తెరిస్తే వరసగా అడుగుతుంది: ఏ భాష, డేటాబేస్ పేరేమిటి, పాస్‌వర్డ్ ఏమిటి. మధ్యలో ఒక పేజీ దగ్గర మాత్రం చెయ్యి ఆగుతుంది. ఇది ఎవరికైనా తెరిచిన వికీయా, ఖాతా తెరిస్తేనే రాయనివ్వాలా, మీరు అనుమతించినవాళ్లేనా, అసలు బయటివాళ్లకి కనబడకూడదా? నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఎంత ఎక్కువమందిని రాయనిస్తే వికీ అంత బాగా నడుస్తుందనీ, జరిగిన చెరుపుని వెనక్కి తిప్పడం తేలికేననీ పక్కనే ఒక హితవు కూడా ఉంటుంది. చివర్లో అది ఇచ్చే లోకల్‌సెట్టింగ్స్ ఫైల్లో ఎవరు రాయవచ్చన్నది ఒక వరుసతో తేల్చవచ్చు. ఆ వరుసలో నక్షత్రం గుర్తు ఉంటే లోకంలో అందరూ అని అర్థం. దాని పక్కన ‘ట్రూ’ అని ఉంచడానికీ ‘ఫాల్స్’ అని మార్చడానికీ మధ్య ఆఫీసుల్లో నెలల తరబడి మీటింగులు జరుగుతాయి.

ఇంత పెద్ద బండి దేనికి, ఇరవైమంది ఉండే అపార్ట్‌మెంటుకో కాలేజీ ల్యాబుకో కదా అనుకునేవాళ్లకి 2004 నుంచీ డోకువికీ ఉంది. డేటాబేసే అక్కర్లేదు. ఒక్కో పేజీ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు. పాత ప్రతుల్ని కుదించి అటకెక్కిస్తుంది, ఆ ఫోల్డరు పేరు కూడా ‘యాటిక్’. సర్వర్ మూలపడినా ఆ ఫైళ్లని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. ముప్ఫై ఏళ్లలో ఇన్ని వికీ ఇంజన్లు వచ్చిపోయాక ఇది చిన్న సుగుణమేమీ కాదు.

పెట్టిన వారంలోగా వచ్చేవాళ్లు మాత్రం మనుషులు కారు. తెరిచి ఉన్న ఎడిట్ పెట్టెల్ని వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు జూదం సైట్ల లింకులూ మందుల లింకులూ తెచ్చి కుమ్మరిస్తాయి. 2005లో గూగుల్ ఇలాంటి లింకులకి విలువ కట్టకుండా ఉండే ఒక గుర్తు ప్రవేశపెట్టింది, వికీపీడియా కూడా దాన్ని తగిలించుకుంది. ఆ ప్రోగ్రాములు మాత్రం పట్టించుకోలేదు. వంకర అక్షరాల బొమ్మలు పెడితే ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారు, యంత్రాలు చదివేశాయి. మీడియావికీలో దీనికి ఒక విరుగుడుంది, క్వెస్టీ క్యాప్చా అని. నడిపేవాళ్లే తమకి తోచిన ప్రశ్న రాసుకోవచ్చు, జవాబు చెప్పినవాడినే రాయనిస్తుంది. లోకానికంతటికీ తెలిసిన ప్రశ్న పెడితే లాభం లేదు. మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పేరేమిటి, ల్యాబులో ఏ ప్రింటర్ పనిచేయదు, ఇలాంటివి అడగాలి. ప్రశ్నలకి జవాబులు దొరికే చోట రాయడానికి ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలన్నమాట. ఆ వాచ్‌మన్ ఊరెళ్లిపోయి కొత్తవాడు రాగానే దాన్నీ ఎవరో ఒకరు మార్చాలి, లేకపోతే మూడో అంతస్తులో కొత్తగా దిగినవాళ్లు ఒక్క ముక్కా రాయలేరు.

అలా మార్చేవాళ్లు లేకపోతే? కన్నింగమ్ తొలి వికీకే ఆ గతి పట్టింది. దాదాపు ఇరవయ్యేళ్లు తెరిచే ఉన్న ఆ తలుపుని 2014 చివర్లో చెరుపుగాళ్ల దాడి తర్వాత మూయాల్సి వచ్చింది. పేజీలు ఇప్పుడు చదువుకోవచ్చు గానీ దిద్దలేం. ఆయన చేతులు ముడుచుకోలేదు, ఎవరి ప్రతి వాళ్ల దగ్గరే ఉంచుకుని, నచ్చినదాన్ని పక్కవాడి దగ్గర్నుంచి తెచ్చుకుని దిద్దుకునే మరో రకం వికీ మీద అప్పటికే పనిచేస్తున్నాడు. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు 2008లో మొదలై, కొన్నాళ్లకి మధ్యేమార్గం పట్టింది: ఇతరుల జవాబులు ఎవరైనా దిద్దవచ్చు, కానీ 2,000 పాయింట్లు సంపాదించేదాకా ఆ సవరణని ఇంకెవరో చూసి ఒప్పుకోవాలి. రచ్చబండ లెక్కకీ దీనికీ చాలా తేడా ఉంది. ఇక్కడ నమ్మకాన్ని అంకెల్లో కొలుస్తారు, అక్కడ నాలుగు రోజులు చూసి గుర్తుపడతారు. ఏది మేలో గుంపు ఎంత పెద్దదన్నదాన్ని బట్టి ఉంటుంది కాబోలు. లక్షలమంది వచ్చే చోట ఒకరి ముఖం ఒకరికి ఎలాగూ గుర్తుండదు.

మొదట్లో చూసిన కరెంటు బిల్లు కంపెనీలకి, మీ పేజీలో చదివేవాళ్లనీ రాయనివ్వండని చెబితే లాయర్లు ఒప్పుకోరంటాయి. ఎవడో ఒకడు ‘మళ్లీ కట్టండి, ఏం పర్వాలేదు’ అని రాస్తే, వినియోగదారుడు అది నమ్మి రెండోసారి కడితే, ఆ పూచీ ఎవరిదని అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే, తోసిపుచ్చలేం. కానీ అందరికీ ట్రూ కొట్టమని ఎవరూ అనడం లేదు. హవెల్ ప్రోగ్రాంలోనే మెట్లు మెట్లుగా అనుమతులున్నాయి. ప్రశ్న మాత్రం ఎవరైనా చేర్చేలా, జవాబు సిబ్బందే రాసేలా పెట్టుకోవచ్చు. జవాబు రాని ప్రశ్న అలాగే ఖాళీగా అందరికీ కనబడుతుంది. వాళ్లకి ఇబ్బంది బహుశా అక్కడే. తప్పు జవాబుకైతే లాయర్లున్నారు. ‘డబ్బులు పోయాయి, బిల్లు కట్టలేదంటోంది, ఏం చేయాలి’ అన్న వరుస కింద పదిహేను రోజులుగా ఏమీ లేకపోతే, దాన్ని పేజీ మీదనుంచి తీసేయడానికి ముందు ఎవరో ఒకరు చదవాల్సి వస్తుంది.